రెండు దారుల టైరు

సైకిలు షాపులో టైరు చేతికి రాగానే చాలామంది బొటనవేలితో గుబ్బలు నొక్కి చూస్తారు. అవి లోతుగా, గట్టిగా ఉంటే ఎక్కడికైనా పోవచ్చని ధైర్యం వస్తుంది. టైరు నున్నగా ఉంటే వానలో జారుతుందేమోనని అనుమానం వస్తుంది. పొద్దున ఆఫీసుకు తారు రోడ్డు మీదా, ఆదివారం చెరువు కట్ట మీదా ఒకే సైకిలు తొక్కేవాళ్లను ఈ బొటనవేలి పరీక్ష తరచుగా తప్పు టైరు దగ్గరికి తీసుకెళ్తుంది. గుబ్బల సంగతి చివర చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవలసింది మీరు నిజంగా తొక్కే దారి ఏదో. ఆ తర్వాత దానికి తగిన వెడల్పు, ఆ వెడల్పుకు తగిన గాలి.

ఒక నెల రాసుకోండి

కొనే ముందు ఒక నెలపాటు ఈ చిన్న పని చేయండి. సైకిలు దిగగానే ఆ రోజు తారు మీద ఎంత దూరం, మట్టి మీద ఎంత దూరం వెళ్లారో ఫోనులో రాయండి. ఎక్కడ భయం వేసిందో కూడా పక్కనే రాయండి. బ్రేకు మీద వేళ్లు ఎక్కడ బిగిశాయి, ఎక్కడ దిగి నడిచారు, ఎక్కడ చక్రం పక్కకు లాగింది?

నెల చివర చూస్తే మీ చేతిలో రెండు లెక్కలుంటాయి. నూటికి ఎనభై ఐదు కిలోమీటర్లు తారు, పదిహేను మట్టి అని తేలిందనుకుందాం. భయం వేసిన చోట్లు మాత్రం దాదాపు అన్నీ ఆ పదిహేనులోనే ఉండవచ్చు. కొండ దిగే మలుపులో పరుచుకున్న సన్న కంకర, కట్ట మీద బండి చక్రాలు కోసిన గాడి, వాన వెలిసిన మర్నాటి బురద. ఈ రెండు లెక్కలూ వేర్వేరు టైర్లకు చెందుతాయి. కిలోమీటర్ల లెక్కతో వెనక టైరు ఎంచుకోవాలి, భయం లెక్కతో ముందు టైరు ఎంచుకోవాలి. ఎందుకో కాస్త ఆగి చెబుతాను.

రాసుకోమనడానికి ఇంకో కారణం ఉంది. కొనే రోజున మన కళ్ల ముందు మెదిలేది ఎప్పుడో ఒకప్పుడు తొక్కాలని ఆశపడే దారి. లడఖ్ వీడియోలు చూసి లోతు గుబ్బల టైరు కొంటాం. దాంతో ఏడాది పొడవునా కూకట్‌పల్లి నుంచి మాదాపూర్ దాకా బరువుగా ఈడ్చుకుంటూ వెళ్తాం. లడఖ్ వెళ్లే నెల వచ్చినప్పుడు ఆ టైరు కొనుక్కోండి, టైరు మార్చడం అరగంట పని. ఈ ఏడాది టైరు ఈ ఏడాది దారికి ఉండాలి.

ఊరికే 'మట్టి' అని రాసి వదిలేయకండి. మన నేలలు ఒక్కొక్కటి ఒక్కో రకం. తెలంగాణ చెల్క నేల ఎండాకాలంలో గట్టిపడి పైన సన్న రేణువులు తేలతాయి, నేల గట్టిగానే ఉన్నా ఆ రేణువుల మీద చక్రం జారుతుంది. హైదరాబాద్‌కు దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో, మూసీ పుట్టే అనంతగిరి కొండల్లో ఎర్రటి లాటరైట్ నేల. ఎండినప్పుడు పట్టు బాగుంటుంది, అక్కడక్కడ గులకలు లేచి ఉంటాయి. మొరం పోసిన కొత్త రోడ్డులో రాళ్లు ఇంకా అణగక కదులుతుంటాయి. కృష్ణా, గోదావరి కాలవ గట్ల మీద వేసవిలో మెత్తటి దుమ్ము, శ్రావణంలో జారుడు.

రేగడిది వేరే కథ. తడిసిన నల్లమట్టి టైరుకు అంటుకుని, ఫోర్కు సందులో కూరుకుని, చక్రాన్ని అక్కడికక్కడే ఆపేస్తుంది. దాన్ని గెలిచే టైరు లేదు. అక్కడ పనికొచ్చేది టైరుకూ ఫ్రేముకూ మధ్య వదిలిన ఖాళీ. రేగడి ఊళ్లలో తిరిగేవాళ్లు ఫ్రేములో పట్టే అతి లావు టైరు కంటే ఒక సైజు తక్కువదే వేసుకోవాలి. మామూలు నేలకు అటూ ఇటూ 5 మిల్లీమీటర్ల ఖాళీ సరిపోతుంది, రేగడికి దానికి రెట్టింపు ఉండనివ్వండి. మడ్‌గార్డులు ఉంటే వానాకాలం రాకముందే తీసేయడం మంచిది.

వెడల్పు, గాలి

మన తాతల కాలం నుంచి ఊళ్లలో తిరిగిన పెద్ద సైకిలును గుర్తు తెచ్చుకోండి. హీరో అయినా, అట్లాస్ అయినా దాని టైరు మీద 28 × 1½ అని ఉండేది. మిల్లీమీటర్లలో చెప్పాలంటే వెడల్పు దాదాపు 40. దాని మీద లోతు గుబ్బలు లేవు, నిలువు గీతలు, చిన్న చిన్న అచ్చులు ఉండేవి. వడ్ల బస్తాలు, పాల క్యాన్లు మోసుకుంటూ ఆ టైరు డొంక దారుల్లో, కాలవ గట్ల మీద, కంకర తేలిన రోడ్ల మీద దశాబ్దాలు తిరిగింది. ఇవాళ గ్రావెల్ సైకిళ్లు అని కొత్త పేరుతో అమ్ముతున్న వాటి టైర్లు కూడా చాలావరకు 38 నుంచి 45 మిల్లీమీటర్ల మధ్యే ఉంటాయి. రెండు రకాల దారులూ తొక్కే మనిషికి ఈ వెడల్పు దగ్గరే వెతుకులాట మొదలవ్వాలి.

సన్న టైరుకు గట్టిగా గాలి కొడితేనే వేగమన్న నమ్మకం చాలా కాలం రాజ్యమేలింది. రోడ్డు రేసుల్లో సైతం 23 మిల్లీమీటర్ల టైర్లు పోయి ఇప్పుడు 28, 30 వచ్చాయి. కారణం అర్థం చేసుకుంటే మీ ఎంపిక సులువవుతుంది. అద్దంలాంటి రోడ్డు మీద గట్టి టైరు తేలిగ్గానే దొర్లుతుంది. మన రోడ్లు అలా ఉండవు. గరుకు తారు మీద గట్టి టైరు ప్రతి చిన్న రాయికీ ఎగిరిపడుతుంది. అలా ఎగిరిన ప్రతిసారీ మీ కాళ్లు పెట్టిన శక్తి కొంత సైకిలునూ మీ ఒంటినీ కుదపడానికి ఖర్చయిపోతుంది. కాస్త మెత్తటి, వెడల్పు టైరు ఆ రాయిని తనలోకి తీసుకుని ముందుకు పోతుంది. మట్టి దారిలో ఈ తేడా మరీ ఎక్కువ.

సైకిలు, సామానుతో కలిపి మీ బరువు 85 కిలోలు అనుకోండి. అందులో 50 కిలోల దాకా వెనక చక్రం మీదే పడుతుంది. వెనక టైరులో గాలి ఒత్తిడి 50 పీఎస్‌ఐ ఉంటే, అది నేలకు ఆనే చోటు సుమారు 14 చదరపు సెంటీమీటర్లు. గాలి 100కు పెంచితే ఆ చోటు సగానికి పడిపోతుంది. వదులు కంకర మీద పట్టు ఇచ్చేది ఆ ఆనే చోటే కాబట్టి, గాలి తగ్గించడమే పట్టు పెంచుకునే మొదటి మార్గం. దానికి రూపాయి ఖర్చు లేదు.

ఎంత తగ్గించాలి? అమెరికన్ ఇంజనీరు ఫ్రాంక్ బెర్టో ఇచ్చిన కొలత నాకు బాగా ఉపయోగపడేదిగా తోస్తుంది. మీరు సైకిలు మీద కూర్చున్నప్పుడు టైరు ఎత్తులో 15 శాతం అణగాలి. 40 మిల్లీమీటర్ల టైరైతే ఆరు మిల్లీమీటర్లు. పైన చెప్పిన 85 కిలోలకు, ట్యూబు ఉన్న 40 మిల్లీమీటర్ల టైరులో, తారు మీద వెనక 50, ముందు 45 పీఎస్‌ఐతో మొదలుపెట్టండి. మట్టి దారి మొదలయ్యే చోట దిగి వెనక 42కు, ముందు 37కు తగ్గించండి. టైరు 35 మిల్లీమీటర్లదైతే ఈ అంకెలకు ఎనిమిది, పది కలపండి. మీ బరువు 60 కిలోల లోపైతే కాస్త తగ్గించండి. ఇవి మొదలుపెట్టడానికి అంకెలు మాత్రమే. అక్కడి నుంచి రెండేసి పీఎస్‌ఐ చొప్పున మార్చుకుంటూ మీ అంకె మీరే కనుక్కోవాలి.

మరీ తగ్గిస్తే ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలుగుతుంది. పంక్చర్ విప్పి చూసినప్పుడు పాము కాటులా పక్కపక్కనే రెండు చిల్లులు కనిపిస్తే కారణం ముల్లు కాదు, గాలి చాలలేదు. మరుసటి సారి ఐదు పీఎస్‌ఐ పెంచండి.

టైరు పక్కన అచ్చు వేసి ఉండే గరిష్ఠ గాలిని చాలామంది సలహాగా తీసుకుంటారు. అది హద్దు మాత్రమే. రిమ్ముకు అంతకంటే తక్కువ హద్దు ఉండవచ్చు. హుక్ లేని కొత్త తరహా రిమ్ములకైతే 5 బార్, అంటే 72 పీఎస్‌ఐ దాటకూడదు. గాలి కొలవడానికి బొటనవేలు పనికిరాదు, 40కీ 50కీ తేడా దానికి తెలియదు. గేజీ ఉన్న స్టాండు పంపు ఒకటి ఇంట్లో పెట్టుకోండి. ఖరీదైన టైరు కంటే ముందు కొనవలసింది అదే. పెట్రోలు బంకు గాలితో జాగ్రత్త. సైకిలు టైరులో పట్టే గాలి చాలా తక్కువ, బంకు యంత్రం రెప్పపాటులో హద్దు దాటించగలదు. మే నెలలో ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. 25 డిగ్రీల నీడలో 50 పీఎస్‌ఐ నింపిన టైరు ఎండలో 55 డిగ్రీలకు వేడెక్కితే లోపలి గాలి 56 దాటుతుంది.

గుబ్బలు ఎక్కడ పనికొస్తాయి

వాననీటి భయంతో ఎక్కువమంది గుబ్బల వైపు మొగ్గుతారు. కారు వేగంగా పోతున్నప్పుడు టైరుకూ రోడ్డుకూ మధ్య నీటి పొర చేరి కారు తేలిపోతుంది, అందుకే కారు టైరుకు గాడులు కావాలి. సైకిలు టైరు సన్నగా, గుండ్రంగా ఉంటుంది, నీటిని పక్కలకు చీల్చుకుంటూ పోతుంది. విమానాల చక్రాలకు వాడే లెక్క ప్రకారం చూసినా 50 పీఎస్‌ఐ టైరు నీటి మీద తేలాలంటే గంటకు 115 కిలోమీటర్లు దాటాలి. తడి తారు మీద నున్నటి టైరు మొత్తం రబ్బరుతో రోడ్డును పట్టుకుంటుంది. గుబ్బల టైరు గుబ్బల కొనలతో మాత్రమే పట్టుకుంటుంది. మలుపులో ఆ గుబ్బలు వంగుతాయి, సైకిలు ఒక్క క్షణం కాళ్ల కింద కదిలినట్టవుతుంది. తడిలో మనల్ని పడేసేవి రోడ్డు మీది తెల్ల పెయింటు గీతలు, రైలు పట్టాలు, డ్రైనేజీ మూతలు, పేడ. మన పల్లె రోడ్లకైతే నూర్పిళ్ల కాలంలో రోడ్డు మీద పరిచే వరిగడ్డి, కంది కట్టె, ఎండబోసిన మొక్కజొన్నలు కూడా. వాటి మీద ఏ గుబ్బలూ ఆదుకోవు. వేగం తగ్గించి, బ్రేకు ముట్టకుండా, హ్యాండిల్ తిప్పకుండా నేరుగా దాటాలి.

గుబ్బల అసలు చోటు మెత్తటి నేల. దిగబడే మట్టిలోకి, తడి గడ్డిలోకి అవి దిగి పట్టుకుంటాయి. గట్టి నేల మీద వదులు కంకర ఉంటే చిన్న, దగ్గర దగ్గర గుబ్బలు చాలు. ఎండు ఇసుకలో గుబ్బల కంటే వెడల్పే పనిచేస్తుంది. గట్టి తారు మీద గుబ్బలతో లాభం లేదు. మోత, బరువు, త్వరగా అరగడం ఇవే మిగులుతాయి.

అందుకే రెండు దారులకూ పనికొచ్చే టైరు అంటే నాకు ఎక్కువగా నచ్చేది నడుమ నున్నగా లేదా సన్న గరుకుగా, పక్కలకు చిన్న గుబ్బలతో ఉండేది. నిటారుగా పోతున్నప్పుడు నడిమి భాగం ఆనుతుంది, మట్టి మలుపులో వాలినప్పుడు పక్క గుబ్బలు ఆనుతాయి. ఇది గట్టి చెల్క దారులకు, అనంతగిరి ఎర్ర నేలకు, వేసవి గట్లకు బాగా సరిపోతుంది. పంటచేల మధ్య తడి దారుల్లో దీని పక్క గుబ్బలు చాలవు, అది తెలిసే కొనాలి.

ఇప్పుడు ముందు చక్రం, వెనక చక్రం సంగతి. వెనక చక్రం జారితే తోక ఊగినట్టు సైకిలు ఊగుతుంది, చాలాసార్లు సర్దుకోవచ్చు. ముందు చక్రం జారితే సర్దుకునే సమయం ఉండదు, భుజం నేలను తాకుతుంది. దిశ మార్చేది ముందు చక్రం, బ్రేకు భారం ఎక్కువ పడేదీ దాని మీదే. మరోవైపు బరువు, పెడలు శక్తి వెనక చక్రం మీద పడతాయి. తారు మీద మీరు ఈడ్చే భారమంతా అక్కడే తెలుస్తుంది, అరుగుదలా అక్కడే ఎక్కువ. కాబట్టి భయం లెక్క చూసి ముందుకు పట్టు ఎక్కువ ఉన్నది, అవసరమైతే కాస్త లావుది వేయండి. కిలోమీటర్ల లెక్క చూసి వెనకకు నున్నగా దొర్లే, ముల్లు తట్టుకునే టైరు వేయండి. రెండు చక్రాలకూ ఒకే టైరు ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. జతగా ఉంటే చూడ్డానికి బాగుంటుందన్నది నిజమే, కొండ దిగేటప్పుడు ఆ అందం అక్కరకు రాదు. షాపులో ఒక్కో టైరు వేరేది అడిగితే జత తీసుకోమని ఒత్తిడి చేస్తారు. మీరు రాసుకున్న లెక్క మీ చేతిలో ఉంది కాబట్టి నిలబడండి.

గుబ్బల సైకిలు ఇంట్లో ఉంటే

ఇది చదువుతున్న చాలామంది ఇంట్లో 26 × 2.1 లేదా 27.5 × 2.1 గుబ్బల టైర్ల సైకిలే ఉండి ఉంటుంది. కొన్న కొత్తలో నాలుగు వారాలు తొక్కి, బరువుగా ఉందని మూల పెట్టి ఉంటారు. దయచేసి కొత్త సైకిలు కొనకండి. ఆ చక్రాలకే, వాటి సైజులోనే 1.75 వెడల్పు నున్నటి టైర్లు, లేదా నడుమ నున్నగా ఉండేవి వేయించండి. అంత తక్కువ ఖర్చుతో సైకిలు స్వభావం ఇంతగా మారే మార్పు మరొకటి నాకు తెలియదు. ఇందుకు విదేశీ టైరే కావాలని లేదు. హైదరాబాద్‌లోని హార్టెక్స్, లుధియానాలోని రాల్సన్ లాంటి మన కంపెనీలు సైకిలు టైర్లు చేస్తున్నాయి, రోజువారీ తిరుగుడుకు అలాంటివి చాలు. డబ్బు ఉంటే ముందు టైరు మీద ఎక్కువ పెట్టండి.

సైజు దగ్గర మాత్రం కంపెనీ పేరు చూసి నమ్మకండి, టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఉండే రెండు అంకెల జంట చూడండి. 47-559 అని ఉంటే వెడల్పు 47 మిల్లీమీటర్లు, రిమ్ముకు కూర్చునే చుట్టు వ్యాసం 559. రెండో అంకె మీ పాత టైరు అంకెతో కచ్చితంగా కలవాలి. 26 అనే మాట ఒక్కటే చూసి కొంటే 559 రావచ్చు, 590 రావచ్చు, ఒకటి మరొకదానికి ఎక్కదు. 26 × 1.75 వేరు, 26 × 1¾ వేరు. పెద్ద సైకిలు 28 × 1½ రిమ్ము 635, హైబ్రిడ్ సైకిలు 700సీ రిమ్ము 622. 29 అని అమ్మేదీ 622యే.

ముళ్లు

మన దారుల్లో టైరుకు అసలు శత్రువులు పల్లేరు కాయ, సర్కారు తుమ్మ ముల్లు. పల్లేరు ఏ పక్కన పడినా ఒక ముల్లు పైకి చూస్తూనే ఉంటుంది. దానికి టైరు లోపల కెవ్లార్ పట్టీయో, మందపాటి రబ్బరు పొరో ఉంటే చాలావరకు ఆగుతుంది. ష్వాల్బే మారథాన్ ప్లస్ లాంటి టైర్లలో ఆ రబ్బరు పొర 5 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. బరువు పెరుగుతుంది, తొక్కుడులో చురుకు తగ్గుతుంది, అయినా ఉదయం తొమ్మిదికి బడిలో ఉండవలసిన టీచరుకు ఆ బరువు మోయడం న్యాయమే. తుమ్మ ముల్లు అంతకంటే పొడుగు, నేరుగా నిలబడితే ఏ పొరనైనా దాటగలదు.

కంచె పక్క బాటల్లో తరచూ తిరిగేవాళ్లు ట్యూబ్‌లెస్ గురించి ఆలోచించాలి. అందులో పోసే సీలెంటు ముల్లు చేసిన చిన్న చిల్లును తొక్కుతుండగానే మూసేస్తుంది. ట్యూబు నలిగే బాధ లేదు కాబట్టి గాలి ఇంకో ఐదు పీఎస్‌ఐ తగ్గించుకోవచ్చు. బదులుగా ఆ ద్రవాన్ని రెండు మూడు నెలలకోసారి చూసి నింపాలి, మన ఎండలకు ఇంకా ముందే ఎండిపోతుంది. రిమ్ము దానికి తగినదై ఉండాలి. పెద్ద కోత పడితే పల్లె పంక్చర్ షాపులో దానికి మందు దొరకదు, అందుకని ఒక ట్యూబు సంచిలో ఉండాల్సిందే. వారానికి నాలుగు రోజులు తారు, ఒక పూట మట్టి అయితే పట్టీ ఉన్న టైరు, మంచి ట్యూబు చాలునన్నది నా అభిప్రాయం.

పంక్చర్ వేయించిన ప్రతిసారీ టైరు లోపల ఒక పాత గుడ్డ పెట్టి చుట్టూ తుడవండి. విరిగిన ముల్లు ముక్క గుడ్డకు తగులుకుంటుంది. అది తీయకుండా ట్యూబు పెడితే అదే చోట మళ్లీ పంక్చర్.

అరిగినప్పుడు

వెనక టైరు ముందుదాని కంటే చాలా తొందరగా అరుగుతుంది. నడుమ చదునుగా అయి, లోపలి నూలు తొంగిచూస్తే ఇక దాన్ని వాడకండి. పక్కల పగుళ్లు కూడా చూడండి, తక్కువ తిరిగినా ఎండలో నిలబెట్టిన సైకిలు టైరు ముసలిదవుతుంది. అరిగిన వెనక టైరు తీసి, కొత్తది అక్కడే వేయించుకోవడం అందరి అలవాటు. రెండు చక్రాలకూ ఒకే రకం టైరు ఉంటే, దాని బదులు ముందున్న టైరును వెనక్కి మార్చి, కొత్తదాన్ని ముందు వేయండి. అప్పుడు కొత్త రబ్బరు ఎప్పుడూ మీకు భయం వేసే చక్రానికే ఉంటుంది, ముందు టైరు ఏళ్ల తరబడి అక్కడే పాతబడి పగలదు. ఇలా మార్చేటప్పుడు టైరు పక్కనున్న బాణం గుర్తు చూసుకోవాలి. కొన్ని టైర్లకు వెనక వేసేటప్పుడు బాణం తిప్పాలి, అది దాని మీదే రాసి ఉంటుంది. మార్చాక మొదటి వారం గాలిని మళ్లీ మొదటి అంకెల నుంచి చూసుకుంటూ రండి.